డాక్టరు హార్వే కుషింగు

శనగగింజకంటె కొంచెము పెద్దదియు, నాలుగు గురిగింజల యెత్తునకు మించనిదియు నగు నొక చిన్న గ్రంథి మానవుని పుర్రె నడుమ, ముక్కుదూలమునకు వెనుకభాగమున, ఎముకయే గిన్నెగా నేర్పడిన గుంటలో మెదడునుండి వ్రేలాడుచుండును. ఐరోపాయందలి పూర్వవైద్యులు మెదడులోని శ్లేష్మము దీనిద్వారమున ముక్కునకు దిగునని తలచి, ఆ యర్థము వచ్చునట్లే దానికి పేరిడిరి. మన భాషలో శాస్త్రగ్రంథములు వ్రాసినవారు దానిని పీయూషగ్రంథి యనిరి. శ్లేష్మమనుకొన్నది అమృతమైనది. ఈ రెండు పేర్లకు నడుమ జరిగిన కథలో ప్రధానపాత్ర వహించిన శస్త్రవైద్యుడు డాక్టరు హార్వే కుషింగు. ఈయన పేరు నేడు ప్రతి వైద్యవిద్యార్థికిని ఒక రోగము పేరుగా దెలియును. ఆ రోగము వెనుకనున్న మనుష్యుని గూర్చి మన పాఠకులకు నాలుగు మాటలు చెప్పుట యుక్తమని తోచినది.

కుషింగు 1869వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీని అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండు పట్టణమున జన్మించెను. పదిమంది సంతానములో కడగొట్టువాడు. తండ్రి వైద్యుడు, తాత వైద్యుడు, ముత్తాతయు వైద్యుడే. ఇట్టి యింట బుట్టినవానికి వృత్తి వెదకుకొను శ్రమ లేదు. యేలు విశ్వవిద్యాలయమున చదువుచుండగా బేసుబాలు ఆటయందు మిక్కిలి ఆసక్తి చూపెను. 1891లో పట్టము పుచ్చుకొని, హార్వర్డు వైద్య కళాశాలలో జేరి, 1895లో వైద్యుడై వెలువడెను.

ఆ విద్యార్థిదశలో జరిగిన యొక సంగతిని చెప్పక విడువరాదు. ఆ కాలమున శస్త్రచికిత్సకు ముందు రోగికి ఈథరు మత్తు ఇచ్చు పనిని విద్యార్థులకే అప్పగించుచుండిరి. నేర్పునది లేదు, చూపునది లేదు. గుడ్డపై మందు పోసి ముక్కుకడ నుంచుటయే విద్య. కుషింగు చేత మత్తు గైకొన్న రోగి యొకడు శస్త్రశాలయందే ప్రాణము విడిచెను. వైద్యము విడిచిపెట్టి పోదునా యని యాతడు కలత చెందెను. ఇట్టివి ఆ దినములలో సామాన్యములే యని పెద్దలు ఓదార్చిరి. ఆ యోదార్పుతో నాతడు తృప్తి పడలేదు. తన సహపాఠి కాడ్మనుతో గూడి, మత్తులో నున్నంత సేపును రోగి నాడిని, శ్వాసను కొన్ని నిమిషముల కొకమారు లెక్కించి కాగితముపై గీతలుగా వ్రాయు పద్ధతిని కనిపెట్టెను. నేడు ఏ చిన్న ఆస్పత్రిలో శస్త్రచికిత్స జరిగినను రోగి తలకడ నట్టి పట్టిక నడచుచునే యుండును. దానికి మూలము ఒక విద్యార్థి పడిన పరితాపము.

1896లో కుషింగు బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి బోయి హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యునికడ శిష్యుడయ్యెను. హాల్‌స్టెడ్ చేయి నెమ్మదిది. రక్తము చుక్క యైనను వృథాగా పోనీయక, కండను నలుపక, గంటలకొలది యోపికతో పనిచేయుట ఆయన పద్ధతి. త్వరితముగా కోసి త్వరితముగా కుట్టుటయే ఘనత యని యెంచు కాలమది. మెదడును కోయగోరువానికి హాల్‌స్టెడ్ పద్ధతికంటె వేరు గతి లేదని తరువాత తెలిసినది. ఆ యూరనే నున్న మహావైద్యుడు విలియం ఆస్లరు కుషింగునకు పొరుగువాడును, హితుడును, తండ్రివంటివాడును అయ్యెను.

1900లో కుషింగు ఐరోపా ప్రయాణమై, స్విట్జర్లాండులోని బెర్ను నగరమున కోషరు, క్రోనెకరు అను పండితులకడ పరిశోధన చేసెను. పుర్రెలోపలి ఒత్తిడి పెరిగినకొలది శరీరమందలి రక్తపు పోటు దానిని మించుటకై తానును పెరుగునని ఆయన అచ్చట చూపెను. మెదడునకు రక్తము అందక పోకుండ ప్రకృతి చేయు కడపటి ప్రయత్నమది. నేటికిని తల గాయపడిన రోగి మంచముకడ వైద్యులు ఈ లక్షణమును కనిపెట్టుచుందురు. తిరిగి వచ్చునపుడు ఇటలీలోని పావియా నుండి రీవా రోచి నిర్మించిన రక్తపు పోటు కొలుచు సాధనమును 1901లో వెంట దెచ్చెను. బోస్టను శస్త్రవైద్యులు దీనిని విచారించుటకు సంఘమును నియమించి, నేర్పరియైన వైద్యుని వ్రేలి స్పర్శయే ఈ యంత్రముకంటె మేలని తేల్చిరి! పండితుల సంఘములు ఇట్లు తేల్చుట మనకును క్రొత్త గాదు.

ఇక పీయూషగ్రంథి సంగతి. ఆయన దానివంక తిరుగుటకు గెలుపు కారణము గాదు, ఓటమి కారణము. 1901 తుదిని బాల్టిమోరులో ఆయనకడకు ఒక బాలిక వచ్చినది. దేహము స్థూలించినది, ఈడు వచ్చినను యౌవనచిహ్నములు లేవు, తీరని శిరోవేదన, చూపు నానాటికి మందగించుచున్నది. మెదడున కంతి కలదని కుషింగు గ్రహించెను గాని ఎచ్చట గలదో గ్రహింపలేకపోయెను. పుర్రె తెరచి చూచినను చిక్కలేదు. మరుసటి యేడు బాలిక మరణించెను. శవపరీక్షలో కంతి పీయూషగ్రంథి కడ బయటపడినది. ఇంతలో వియన్నా నుండి ఫ్రోలిక్ అను వైద్యుడు 1901లోనే యిట్టి రోగమును వర్ణించి, పీయూషగ్రంథి కంతియే కారణమని ప్రకటించియుండెను. ఈ ఫ్రోలిక్ కుషింగునకు లివర్‌పూలులో పరిచితుడే. తన కన్నుల యెదుట నున్నదానిని తాను చూడలేకపోయినందుకు కుషింగు సిగ్గుపడెను. ఆ సిగ్గును దాచుకొనక, 1906లో ఆ వృత్తాంతమును తానే ప్రకటించెను.

అప్పటికి ఈ గ్రంథిని గూర్చి లోకమునకు తెలిసినది స్వల్పము. 1886లో పారిసునందు పియేరు మారీ, చేతులు, పాదములు, దవుడ క్రమముగా బెరిగి ముఖము వికారమగు రోగమును వర్ణించి పేరిడెను. అట్టివారి పీయూషగ్రంథి పెరిగియుండుట తరువాత స్పష్టమయ్యెను. కాని గ్రంథి యెక్కువ పనిచేయుటవలన రోగమా, పనిచేయకపోవుటవలననా యను ప్రశ్న తీరలేదు. హార్మోను అను మాట యే 1905 వరకు పుట్టలేదు. గ్రంథి యున్న తావు మరియొక చిక్కు. క్రింద ముక్కు, పైన మెదడు, ప్రక్కల మహారక్తనాళములు, ముందు నేత్రనాడులు. నాలుగు దిక్కుల నాలుగు ప్రమాదములు.

కుషింగు బాల్టిమోరు ప్రయోగశాలలో శిష్యులతో గూడి సుమారు నూరు కుక్కలపై ఈ గ్రంథిని తీసి చూచెను. పూర్తిగా తీసిన కుక్కలు కొలది దినములలో చచ్చినవి. కొంతభాగము మిగిల్చిన కుక్కలు క్రొవ్వి, సంతానశక్తి గోల్పోయి, చిన్నవి యెదుగక నిలిచిపోయినవి. దీనినిబట్టి గ్రంథి పూర్తిగా పోయిన ప్రాణి బ్రతుకదని ఆయన నిశ్చయించెను. ఇందు పొరపాటున్నది. చేయి తగిలి మెదడు అడుగుభాగము చెడుటవలన పెక్కు కుక్కలు చచ్చెనే గాని గ్రంథి లేకపోవుటవలన గాదు. వియన్నాలో ఆష్నరు అను నతడు కుక్కపిల్లలలో గ్రంథిని తీసి, అవి మరుగుజ్జులుగా నెదిగినను బ్రతుకునని చూపెను. కాని కుషింగు ప్రయోగములలో నిజమును లేకపోలేదు. గ్రంథి కొరవడినచో నొక విధమగు రోగము, మిక్కుటమైనచో మరియొక విధమగు రోగము అను విభాగము అచ్చటనే స్థిరపడినది. మూగప్రాణుల బాధను మేము తక్కువగా నెంచుట లేదు. ఆ విభాగము దొరకక మున్ను మనుష్యులు పడిన బాధయు ఆ త్రాసులోనే యుంచవలసియున్నది.

1909 మార్చిలో డకోటా సీమనుండి వచ్చిన యొక రైతునకు కుషింగు ముక్కు మార్గమున పోయి పెరిగిన గ్రంథిలో కొంత తొలగించెను. ఆ రైతునకు చేతులును మొగమును పెరిగి, తలనొప్పి యెడతెగక యుండెడిది. శస్త్రచికిత్స తరువాత నొప్పి తగ్గినది, ఉబ్బిన మెత్తని కండ తగ్గినది. గ్రంథి యధికముగా పనిచేయుటయే యా రోగమునకు కారణమని మానవదేహముననే యిట్లు ఋజువైనది. ఆ యేడే లండనునకు బోయినపుడు ఆర్థరు కీత్ పండితునితో గలసి, హంటరు ప్రదర్శనశాలలో నున్న చార్లెసు బర్ను అను ఐర్లండు మహాకాయుని పుర్రెను తెరపించి చూచెను. ఆతడు 1783లో మరణించినవాడు. పీయూషగ్రంథి యుండు గుంట మిక్కిలి పెద్దదిగా కానవచ్చెను. శాస్త్రమునకిది లాభమే. కాని తన కళేబరమును సముద్రమున పారవేయవలసినదని ఆ యభాగ్యుడు వేడుకొనియుండగా, శస్త్రవైద్యుడు జాను హంటరు దానిని చేజిక్కించుకొని ప్రదర్శించెను. 2023లో గాని యా అస్థిపంజరమును ప్రజల కంటినుండి తొలగింపలేదు. మృతుని మాట చెల్లుటకు రెండువందల నలువదియేండ్లు పట్టినది. అదియును సగమే చెల్లినది.

1910 నుండి కుషింగు పై పెదవి క్రిందుగా, ముక్కు లోపలి గోడ ప్రక్కగా గ్రంథిని చేరు మార్గము నవలంబించెను. 1925 వరకు ఇట్లు 231 శస్త్రచికిత్సలు చేసెను. నూటికి ఆరుగురు గూడ చనిపోలేదు. శరీరమున విషక్రిములను చంపు నేటి ఔషధములు లేని దినములలో, నుదుట కట్టుకొన్న దీపపు వెలుగున, కన్నే సాధనముగా సాధించిన ఫలమిది. మెదడు కంతులకు శస్త్రచికిత్స యనగా మృత్యువునకు మారుపేరుగా నున్న కాలమున ఆయన చేతిలో మరణములు నూటికి పదికి లోపుగా దిగినవి. 1911లో రక్తనాళములను పట్టుటకు చిన్న వెండి బిగింపులను కల్పించెను. 1926లో బోవీ యను భౌతికశాస్త్రజ్ఞుడు నిర్మించిన విద్యుత్సాధనముతో రక్తస్రావమును నిలుపుట ప్రారంభించి, మున్ను భయపడి విడిచిపెట్టిన కంతులుగల రోగులను మరల పిలిపించెను.

1910 డిసెంబరులో వచ్చిన యొక రోగిని గూర్చి విశేషించి చెప్పవలెను. రష్యానుండి వలస వచ్చిన యిరువదిమూడేండ్ల యువతి యామె. ముఖము గుండ్రమై యెఱ్ఱవారినది. పొట్టయు వీపుపై భాగమును క్రొవ్వినవి గాని కాలుసేతులు సన్నగిలినవి. పొట్టపై ఊదారంగు చారలు చీలినట్లుండెను. మొగముపై రోమములు మొలచినవి, నెలసరి నిలిచిపోయినది, వెన్ను వంగినది, రక్తపు పోటు హెచ్చినది, తాకినచోటనెల్ల చర్మము కమలుచుండెను. దీనికి పేరు లేదు. ఏ గ్రంథి దోషమో తెలియదు. పీయూషగ్రంథియా, అధివృక్కములా, స్త్రీగ్రంథులా? కుషింగు 1912లో ప్రకటించిన పీయూషగ్రంథీరోగముల గ్రంథమున ఈమె వృత్తాంతమును ఛాయాచిత్రములతో చేర్చి, అనేక గ్రంథుల దోషమని మాత్రము వ్రాసి, నిశ్చయము చెప్పక విడిచెను. తెలిసినట్లు వ్రాసియున్న ఆనాడు అడుగువారు లేరు. అట్లు వ్రాయకపోవుటయే ఆయన ఘనత. ఆ ప్రశ్న ఆయన బల్లపై ఇరువదియేండ్లు పడియుండెను.

1912లో కుషింగు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, బోస్టనులో క్రొత్తగా వెలసిన పీటర్ బెంట్ బ్రిగాం ఆస్పత్రికి ప్రధాన శస్త్రవైద్యుడయ్యెను. ఆయన సేవ చేసిన యీ వైద్య కళాశాలయందే మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1923 మొదలుకొని పరిశోధన చేసి, 1925లో ఫిస్కేతో గూడి రక్తమున భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించిరి. ఇరువురి శాఖలు వేరు. అయినను ఆ విద్యాలయము పేరు వచ్చినపుడు మన వానిని దలపకుండుట ఆంధ్రులకు సాధ్యము గాదు.

యుద్ధము వచ్చినది. 1915లో పారిసున కొంతకాలమును, 1917 నుండి హార్వర్డు వైద్యదళముతోను కుషింగు పనిచేసెను. మెదడులో దూరిన ఇనుప ముక్కలను అయస్కాంతముతో లాగుట ఆయన నేర్పు. 1917 ఆగస్టులో బెల్జియము రణరంగమున ఆస్లరు యేకపుత్రుడు గాయపడి తెచ్చినపుడు కుషింగు పరుగున వచ్చి ప్రక్కన నిలిచెను గాని ఆ యువకుడు దక్కలేదు. ఆస్లరు 1919లో గతించిన పిదప ఆయన భార్య కోరగా కుషింగు ఆ మహనీయుని చరిత్రమును రెండు సంపుటములుగా వ్రాసి 1925లో ప్రకటించెను. మరుసటి యేడు దానికి పులిట్జరు బహుమానము వచ్చెను. కత్తిపట్టిన చేతికి కలము లొంగుట యరుదు. ఈయనకు కుంచెయు లొంగినది. ప్రతి శస్త్రచికిత్స పిదపను, ఎంత ప్రొద్దుపోయినను కూర్చుండి, తాను చూచినదానిని స్వయముగా బొమ్మ గీసియే లేచెడివాడు. యుద్ధము తుదిని 1918లో కాళ్ళ నరములు చెడు జబ్బు పట్టి, అది ఆయనను చివరివరకు విడువలేదు.

కుషింగు సౌమ్యుడని వ్రాసినచో నిజము తప్పినవారమగుదుము. శస్త్రశాలలో ఆయన మాట శస్త్రముకంటె పదును. సహాయకులు వణకెడివారు, కొందరు కంట తడిపెట్టుకొని బయటికి వచ్చెడివారు. ఇంటికంటె ఆస్పత్రియే యిల్లుగా నుండెను. ఐదుగురు బిడ్డలను పెంచిన భారమంతయు భార్య కేథరీనుదే. 1926 జూనులో పెద్దకుమారుడు మోటారు ప్రమాదమున మరణించిన వార్త యుదయమున వచ్చెను. ఆయన భార్యకు తెలిపి, ఆ దినము నిర్ణయించియున్న శస్త్రచికిత్సను యథాప్రకారము ముగించెను. దీనిని ధైర్యమందురో, కాఠిన్యమందురో పాఠకులే తలపోయుదురు గాక. పుర్రె తెరువ సిద్ధమైయున్న రోగి యా దినము వేరొకరి కుమారుడో కుమార్తెయో యనుట మాత్రము నిజము. గెలుపులే గాక ఓటములును ఆయన చేతనే జరిగినవి. సేనాని లెనర్డు వుడ్డునకు 1910లో మెదడు కంతి తొలగించి కీర్తి పొందెను; అది మరల పెరుగగా 1927లో శస్త్రచికిత్స చేసిన కొలదిగంటలకే యా రోగి మరణించెను.

ఈ నడుమ ప్రశ్న పక్వమగుచుండెను. ఇతర వైద్యులు తమ శవపరీక్షలలో, ఆ యువతివలెనే బాధపడినవారి పీయూషగ్రంథులలో మిక్కిలి చిన్నవగు కంతులను కనుచుండిరి. ఇవి చూపును చెరుపునంత పెద్దవి గావు. సూక్ష్మదర్శినికి గాని దొరకనివియు కలవు. కుషింగు పండ్రెండుగురి వృత్తాంతములను ఒక్కచో గూర్చి, 1932లో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి పత్రికయందు ప్రకటించెను. పీయూషగ్రంథియందలి ఒక జాతి కణముల కంతియే యీ రోగమునకు మూలమనియు, అధివృక్కములు పెరుగుట దాని ఫలమనియు ఆయన నిర్ణయము. 1910 నాటి యువతి వృత్తాంతము ఆ పండ్రెండింటిలో నున్నది. అప్పటికిని ఆమె జీవించియే యుండెను.

ఇచ్చట అధివృక్కములను గూర్చి చెప్పక తీరదు. మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న రెండు చిన్న గ్రంథులివి. ఒక్కొక్కటి అరతులమునకు లోపు. 1855లో లండను గైస్ ఆస్పత్రి వైద్యుడు థామసు ఆడిసను, ఇవి చెడినవారు నీరసించి, చర్మము నల్లబడి, క్రమముగా మరణింతురని పదునొకరు రోగుల వృత్తాంతములతో చూపెను. నాటి పండితులు పెక్కురు నమ్మలేదు. ఆడిసను చూపినది గ్రంథి యెండిపోయిన దశ. కుషింగు చూపినది గ్రంథి పొంగిన దశ. 1932లోనే గైస్ ఆస్పత్రి వైద్యులిరువురు తమ రోగిని వర్ణించుచు ఆ వ్యాధికి కుషింగు పేరు పెట్టిరి.

రెండు గ్రంథులకు గల సంబంధము మన కృష్ణా గోదావరీ మండలముల రైతులకు సులభముగా తెలియగలది. పీయూషగ్రంథి యనునది ఆనకట్టకడనున్న పెద్ద లాకు వంటిది. అధివృక్కములు దిగువ కాలువలు. అవి విడుచు కార్టిసాలు అను రసము చేలకు పారు నీరు. చేలు తడిసిన వార్త పైకి పోవగానే లస్కరు తలుపు దించును. చేలు ఎండుచున్నచో ఎత్తును. తలుపు దించుకొనక తుప్పుపట్టి నిలిచిపోయినచో కాలువలు ఒరసి పారి, చేలు ముంపునకు గురియగును. కుషింగు కనిపెట్టినది ఈ తుప్పుపట్టిన తలుపునే. కాని ముంపునకు మరియొక కారణమును గలదు. లాకు సరిగా నున్నను దిగువ కాలువకే గండి పడవచ్చును. అధివృక్కమునందే కంతి పుట్టినచో లక్షణములన్నియు నొక్కటిగనే యుండును. 1934లో అమెరికాలోని మేయో వైద్యశాలవారు దీనిని స్పష్టపరచిరి. కుషింగు మొదట పీయూషగ్రంథినే పట్టుకొని కూర్చుండుట ఆయన మతమునందలి లోపమే. అయినను నేడు లెక్క చూడగా, దేహములో పుట్టు కారణములలో ఆయన చెప్పినదే యధికముగా కానవచ్చుచున్నది.

లాకునుండి కాలువకు వచ్చు ఆజ్ఞ యేమో కుషింగు జీవితకాలమున ఎవరికిని చేతికి చిక్కలేదు. అధివృక్కములను ప్రేరేపించు ఆ పీయూష హార్మోనును శుద్ధరూపమున వేరుచేసిన వార్త 1943లో బర్కిలీ నుండియు, కుషింగు కడపటి విద్యాలయమగు యేలు నుండియు వెలువడినది. అధివృక్కరసములలో నొకటియగు కార్టిసోనును 1948లో హెంచి యను వైద్యుడు కీళ్ళవాతపు రోగికి ప్రయోగింపగా మంచమున పడియున్నది లేచి నడచెను. 1950లో ఆయనకును, కెండాల్, రైక్‌స్టైను పండితులకును నోబెలు బహుమానము వచ్చెను. ఆనందము కొలదికాలమే నిలిచినది. ఆ మందు హెచ్చుగా, చిరకాలము సేవించినవారి మొగములు కుషింగు ఛాయాచిత్రములలోని మొగములవలె నగుట వైద్యులు చూచిరి.

ఇది దూరదేశపు ముచ్చట గాదు. ఈ జాతి మందులు ప్రాణదాతలు. ఉబ్బసపు రోగికి, అధివృక్కములు చెడినవానికి ఇవి లేనిచో గతి లేదు. కాని వైద్యుని చీటి లేకయే, ఒకమారు వ్రాసిన చీటితోనే నెలల తరబడి, కీళ్ళనొప్పికని, దురదకని వీనిని మ్రింగువారు మన పల్లెలలోను పట్టణములలోను కలరు. బుగ్గలు నిండినవి, ఒళ్ళు చేసినది, మందు వంటబట్టినదని సంతోషించువారిని మేము చూచియున్నాము. ఆ నిండుదనమే రోగము. లోపల ఎముకలు బోలగుచుండును, రక్తమున చక్కెర పెరుగుచుండును. మరియొక యపాయము గలదు. బయటినుండి నీరు తోడి పోయుచుండగా లస్కరు తలుపు దించి నిద్రించును, కాలువ పూడిపోవును. అట్టి సమయమున మందును ఒక్కసారిగా మానినచో పైనుండి నీరు రాదు, చేను నిలువునా ఎండును. ఆడిసను వర్ణించిన రోగము తటాలున వచ్చి ప్రాణము తీయవచ్చును. కావున నెలలుగా సేవించినవారు భయపడి తమంతట తాము మానరాదు. వైద్యునికడకు బోయి, కొంచెము కొంచెముగా తగ్గించుకొనవలెను. దేహము తిరిగి తన రసమును తాను చేయుటకు నెలలు పట్టును.

కుషింగు ముక్కు మార్గమును 1925 తరువాత క్రమముగా విడిచి, నుదురు తెరచి పైనుండి పోవు పద్ధతిని చేపట్టగా లోకమంతయు ఆయన ననుసరించెను. విడువనివారు కొలదిమందియే మిగిలిరి. 1923లో ఎడింబరో నుండి వచ్చి శిష్యుడైన నార్మను డాట్, గురువు వదలిన మార్గమును తాను వదలలేదు. ఆయనను చూచి పారిసులో గియో నేర్చెను. గియోకడ మాంట్రియలు వైద్యుడు జూల్సు హార్డీ నేర్చి, 1960 తరువాత సూక్ష్మదర్శిని సాయముతో, శనగగింజవంటి గ్రంథిలో ఆవగింజవంటి కంతిని మాత్రము తీసి తక్కిన గ్రంథిని నిలుపుట సాధ్యమని చూపెను. కుషింగు పేరుగల వ్యాధికి నేడు ముఖ్యచికిత్స యిదియే. రోగమును వర్ణించినది గురువు, మార్గమును త్రొక్కినది గురువు; ఆ రెండింటిని కలుపు భాగ్యము శిష్యుని శిష్యుని శిష్యునకు దక్కినది.

1931 ఏప్రిలులో కుషింగు తన రెండువేలవ మెదడు కంతి శస్త్రచికిత్సను ముగించెను. 1932లో హార్వర్డు నుండి విరమించి, మరుసటి యేడు తాను చిన్ననాడు చదివిన యేలునకు ఆచార్యుడై పోయెను. పొగ త్రాగుట మితిమీరియుండెను. కాళ్ళ బాధ నానాటికి హెచ్చెను. ప్రాచీన వైద్యగ్రంథములను కూర్చుట ఆయనకు గల పెద్ద వ్యసనము. పదునారవ శతాబ్దపు శరీరశాస్త్రజ్ఞుడగు వెసేలియసు ముద్రణములను గూర్చి వ్రాయుచున్న గ్రంథము ముగియకమున్నే 1939 అక్టోబరు 7వ తేదీని హృద్రోగమున గతించెను. పుస్తకములన్నియు యేలునకు వ్రాసియిచ్చెను. ఆయన కూర్చిన రోగుల ఛాయాచిత్రములు, వృత్తాంతములు, గాజుపాత్రలలో నుంచిన మెదళ్ళు పెక్కేండ్లు అచ్చటి విద్యార్థుల వసతిగృహపు నేలమాళిగలో దుమ్ముపట్టి పడియుండి, 2010లో గాని మరల వెలుగు చూడలేదు. ఛాయాచిత్రములలో పెక్కింట రోగులు తమ చేతులను మొగమునకు ప్రక్కగా నెత్తి చూపుచుందురు. గ్రంథి దోషము చేతుల ఆకృతిలో తెలియునని ఆయన అట్లు చేయించెను.

మరణానంతరము వైద్యులు ఆయన దేహమును పరీక్షించిరి. మెదడు నడిమి గదిలో నొక చిన్న తిత్తివంటి కంతి కానవచ్చెను. జీవితకాలమున అది ఆయనకు ఏ బాధయు కలిగించినట్లు లేదు.